ఎక్స్ అంటే ఐదు

లెక్కల మేడమ్‌కి బొమ్మలు వేయడమంటే మహా సరదా. చిక్కంతా అక్కడే వచ్చింది.

ఏడో తరగతి బి సెక్షన్‌కి ఆల్జీబ్రా మొదలుపెట్టిన రోజున ఆమె రంగు సుద్దముక్కల పెట్టె కొనుక్కుని మరీ క్లాసుకి వెళ్ళింది. బోర్డు మీద 2x + 3 = 13 అని రాసి, ఓపిగ్గా ఒక్కొక్క మెట్టూ దిగి, చివర x = 5 అని తేల్చింది. తేల్చి ఊరుకుంటే ఏ గొడవా ఉండేది కాదు. అంకెల మధ్య అక్షరాన్ని చూసి పిల్లలు జడుసుకోకూడదని ఆ జవాబు చుట్టూ పసుపు సుద్దతో గడి గీసి, గులాబి సుద్దతో పువ్వులు వేసి, కింద 'చెరపవద్దు' అని రాసింది. బెల్లు కొట్టాక గుమ్మం దగ్గర ఆగి, "ఇది బాగా గుర్తుపెట్టుకోండర్రా!" అని కూడా అంది.

పిల్లలన్నాక ఏ మాట వింటారో, ఏ మాట వినరో ఎవరికీ తెలియదు. ఆ మాట మాత్రం ముప్ఫై రెండు మందీ విన్నారు.

వారం రోజులు ఆ పువ్వుల గడి బోర్డు మూల అలాగే ఉంది. సైన్సు సారు దాని పక్కనే కప్ప బొమ్మ వేసుకున్నారు కానీ దాన్ని ముట్టుకోలేదు. వారం తర్వాత లెక్కల మేడమ్ పది ప్రశ్నలతో చిన్న పరీక్ష పెట్టింది. స్టాఫ్‌రూములో కూర్చుని ఎర్రపెన్ను మూత తీసి మొదటి పేపరు దిద్దింది. x + 4 = 11 అన్నదానికి జవాబు ఐదు. 3x = 27 అన్నదానికీ ఐదే. సరేలే, పాపం రాలేదేమో అనుకుంది. రెండో పేపరు తీసింది. ఐదు, ఐదు, ఐదు. పదో పేపరు దగ్గరికి వచ్చేసరికి పెన్ను బల్ల మీద పెట్టేసింది. ముప్ఫై రెండు పేపర్లలో తొమ్మిది ప్రశ్నలకీ జవాబు ఐదే. పదో ప్రశ్నలో ఎక్స్ బదులు వై ఉంది. దాన్ని అందరూ వదిలేశారు. ఒకడు మాత్రం బుద్ధిగా, 'వై గురించి మీరింకా చెప్పలేదు మేడమ్' అని రాశాడు.

ఆ ఒకడిని క్లాసులో రైలు అంటారు. మాట మొదలుపెడితే మధ్యలో ఏ స్టేషనులోనూ ఆగడు కాబట్టి ఆ పేరు వచ్చింది.

"ఏరా, అన్నిటికీ ఐదెందుకు రాశావు?" అని మేడమ్ అడిగింది.

"మీరే కదండీ గుర్తుపెట్టుకోమన్నారు, ఎక్స్ అంటే ఐదని, చెరపొద్దని కూడా రాశారు, మా అక్కకి కూడా చెప్పాను, మా అక్క కాదంది, మా మేడమ్ చెప్పారే అన్నాను, అయినా కొన్ని లెక్కల్లో ఐదు పెడితే అస్సలు కుదరట్లేదండీ, ప్రశ్నలు తప్పుగా ఇచ్చారేమో అనుకుని మీ పరువు పోకూడదని మేమెవరమూ పైకి అనలేదు."

నవ్వాలో ఏడవాలో ఆమెకి తెలియలేదు. క్లాసు మొత్తం ఎంతో దయగా ఆమె వంక చూస్తోంది.

ఈ సంగతి ఇక్కడితో ఆగితే బాగుండును. కానీ ఆ స్కూల్లో పరీక్ష పేపర్లన్నీ పెద్ద మేడమ్ బల్ల మీదికి వెళ్ళాలి. పెద్ద మేడమ్ అంటే హెడ్మిస్ట్రెస్. కళ్ళజోడు గొలుసుకి వేలాడుతుంటుంది. ఆవిడ దాన్ని కళ్ళకి పెట్టుకుంటే చదవబోతున్నారని, తీస్తే తిట్టబోతున్నారని స్కూలంతటికీ తెలుసు. లెక్కల మేడమ్ గదిలోకి వెళ్ళేసరికి ఆవిడ కళ్ళజోడు తీసేసి ఉన్నారు.

"ఒకళ్ళు తప్పు రాస్తే పొరపాటు అనుకోవచ్చు. ముప్ఫై రెండు మంది ఒకే తప్పు రాస్తే ఏమంటారు?" అన్నారు ఆవిడ. "నేను కాపీ అంటాను. రేపు అందరి అమ్మానాన్నల్నీ పిలిపిస్తున్నాను."

ఆ స్కూల్లో కొత్తగా చేరినవాళ్ళని ఏడాది పాటు చూసి, ఆ తర్వాత ఉంచాలో పంపాలో పెద్ద మేడమ్ ఒక కాగితం మీద రాస్తారు. లెక్కల మేడమ్‌కి ఏడాది నిండడానికి సరిగ్గా మూడు వారాలుంది. నోరు మూసుకుంటే పిల్లలకి చీవాట్లు పడతాయి. నోరు తెరిస్తే తన ఉద్యోగానికి ఎసరు. ఆమె కుర్చీ అంచున కూర్చుని, చేతికంటిన గులాబి సుద్దపొడిని ఒకసారి చూసుకుంది.

"కాపీ కాదండీ, పిల్లల తప్పేమీ లేదు. తప్పు నాది," అని పువ్వులతో సహా అంతా చెప్పేసింది.

పెద్ద మేడమ్ పెదవి ఒక మూల అదిరినట్టే అనిపించింది కానీ అంతలోనే కళ్ళజోడు పెట్టేసుకున్నారు.

"సరే, ఎవర్నీ పిలిపించను. రెండు వారాలు టైమిస్తాను, మళ్ళీ పరీక్ష. పేపరు నేనే తయారుచేస్తాను. గదిలో నేనే ఉంటాను, మీరు లోపలికి రాకూడదు. పాతికమందైనా పాసవ్వాలి. కాకపోతే ఏడు బి ని వేరేవాళ్ళకి ఇస్తాను. మీ కాగితం మీద ఏం రాయాలో కూడా నాకు అప్పుడే తెలుస్తుంది."

మర్నాడు ఉదయం లెక్కల మేడమ్ క్లాసుకి వెళ్ళి, ముందుగా ఆ పువ్వుల గడిని తన చేత్తోనే చెరిపేసింది. "రెండు నిమిషాలు మౌనం పాటిద్దామా మేడమ్?" అన్నాడు రైలు. రెండు నిమిషాలు నోరు మూసుకుని ఉండటం వాడివల్ల అయ్యే పని కాదని అందరూ నవ్వారు.

"వినండి. ఎక్స్ అంటే ఐదు కాదు. ఎక్స్ అంటే ఏదైనా కావచ్చు," అంది ఆమె.

"ఏదైనానా?" అన్నాడు రైలు, కళ్ళు మెరిపిస్తూ. "అయితే ఏది రాసినా రైటేనా? నేను నూటయాభై రాస్తా."

"ఏదైనా అంటే, ఏది పడితే అది కాదురా."

"ఏదైనా అన్నాక ఏది పడితే అదే కదండీ?"

ఇంకో పక్క 2x పేచీ మొదలైంది. ఎక్స్ చోట ఐదు పెడితే 2x ఇరవై ఐదు అవుతుందని సగం మంది వాదన. రెండు పక్కన ఐదు వేస్తే ఇరవై ఐదు కాక మరేమిటట? మూడు రోజులు ఆమె గొంతు చించుకుని చెప్పింది. చార్టులు వేసింది, కథలు చెప్పింది. చివరి బెంచీలో పిచ్చుక అని పిలిచే పిల్ల ఉంది. మనిషి చిన్నది, గొంతు అంతకన్నా చిన్నది. ఆ పిల్ల రాసింది చెరుపుతుంది, చెరిపింది మళ్ళీ రాస్తుంది, చివరికి కాగితానికి చిల్లు పెట్టి ఆ చిల్లు వంక చూస్తూ కూర్చుంటుంది. మూడోరోజు సాయంత్రం పిచ్చుక నోట్సులో ఆరు చిల్లులున్నాయి. మేడమ్ వాటిని లెక్కపెట్టి ఇంటికి వచ్చింది.

ఇల్లంటే స్కూలు వెనక రెండో వీధిలో, వాళ్ళమ్మ బట్టలు కుట్టే కొట్టు, దాని వెనక ఒకటిన్నర గది. కొట్టులో రెండు కుట్టుమిషన్లు, పొడవాటి కత్తిరింపుల బల్ల, గోడకి మేకులకి తగిలించిన అట్టముక్కల నమూనాలు. లెక్కల మేడమ్ చిన్నప్పుడు ఆ బల్ల కిందే కూర్చుని గుడ్డపీలికల మధ్య ఎక్కాలు వల్లించింది. అమ్మ ఖాకీ గుడ్డ పరిచి, మెళ్ళో టేపుతో, చెవిలో సుద్దతో నిలబడి ఉంది.

"ఏమే, మొహం అలా ఇస్త్రీ చెయ్యని చొక్కాలా పెట్టుకొచ్చావు?"

కూతురు జరిగిందంతా చెప్పింది. అమ్మ ముందు నవ్వింది, తర్వాత ఇంకా నవ్వింది, ఉద్యోగం మాట వినగానే ఆగిపోయింది.

"పోనీలే, ముందు ఈ టేపు చివర పట్టుకో. పోస్టుమాన్ చొక్కా. ఛాతీ ముక్క కొయ్యాలి."

గోడ మీద, కూతురు పుట్టకముందు నుంచీ ఉన్న పాత అట్ట మీద, అమ్మ చేతిరాతతో ఒక లైను ఉంది. ఛా ÷ 4 + 1. ఛాతీలో నాలుగోవంతు, పైన ఒక అంగుళం వదులు. ముందు ముక్క అయినా వెనక ముక్క అయినా మడత మీద అంత వెడల్పు కొయ్యాలి. ఆమె దాన్ని వెయ్యిసార్లు చూసింది. ఈసారి చూసి, టేపు వదిలేసింది.

"అమ్మా, ఛా అంటే ఎంత?"

"ఎవరి ఛా?"

"ఊరికే. ఛా అంటే ఎంత?"

"మనిషిని చూపించకుండా ఎంతంటే ఏం చెప్తానే పిచ్చిమొహమా! పోస్టుమాన్‌ది అయితే ఒకటి, మీ పెద్ద మేడమ్‌ది అయితే ఒకటి. అందరికీ ఒకటే అయితే నేను ఒక్క చొక్కా కుట్టి ఊరందరికీ తొడిగేదాన్నిగా?"

లెక్కల మేడమ్ అమ్మని గట్టిగా కావలించుకుంది. అమ్మ చేతిలో కత్తెర ఉంది కాబట్టి, "గుచ్చుకుంటుందే!" అని అరిచింది. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే కదా అని కూతురికి సిగ్గేసింది. చదువుకున్నన్నాళ్ళూ ఈ అట్ట నెత్తిమీదే వేలాడుతోంది. పెరటిచెట్టు మందుకి పనికిరాదని ఊరికే అన్నారా!

"అమ్మా, రేపు నువ్వు మా క్లాసుకి రా. ఈ ఒక్కమాట పిల్లలకి చెప్పు చాలు."

అమ్మ మొహం మారిపోయింది. సుద్ద తీసి గుడ్డ మీద గీత గీస్తూ అంది, "నేను రాను. ఐదో తరగతిలో లెక్కల టీచరు నా పలక చూసి, 'నీ బుర్రకి లెక్కలెక్కవమ్మా, వెళ్ళి సూది పట్టుకో' అన్నారు. పట్టుకున్నాను. ఇంక ఆ గుమ్మం ఎందుకు తొక్కుతాను?" నవ్వుతూనే అంది. కానీ సుద్దగీత వంకర పోయింది. ఆవిడ గీసిన గీత వంకరపోవడం కూతురు అంతకుముందు చూడలేదు.

"సరే, నువ్వు రావద్దులే. వాళ్ళే వస్తారు."

పెద్ద మేడమ్‌ని అడిగి, ఇళ్ళల్లో చెప్పి, రోజుకి ఎనిమిదిమంది చొప్పున నాలుగు సాయంత్రాలు ఏర్పాటుచేసింది. మొదటి జట్టులో రైలూ, పిచ్చుకా ఉన్నారు. ఎనిమిదిమంది లోపలికి రాగానే కొట్టు నిండిపోయింది. అమ్మ కాసేపు బిగుసుకుపోయి, మిషన్ వెనకాలే ఉండిపోయింది. అంతలో రైలు ఇస్త్రీపెట్టె మీద చెయ్యి వెయ్యబోయాడు. "ఒరేయ్, కాలుతుంది!" అని ఒక్క కేక వేసేసరికి ఆవిడ భయం ఎటుపోయిందో పోయింది.

"ముందు చేతులు కొలుచుకోండి. భుజం నుంచి మణికట్టు దాకా. కొలిచిందాన్ని చే అని రాయండి. నా పుస్తకంలో అంతే, పూర్తిగా రాసే తీరిక నాకు లేదు."

రైలుకి చే పద్దెనిమిది వచ్చింది. పిచ్చుకకి పదహారు.

"ఒక్క చేతి చొక్కా ఎవరూ వేసుకోరు. అందుకని నేను 2చే అని రాసుకుంటాను. రైలబ్బాయ్, నీకు రెండు చేతులకీ కలిపి ఎంత పొడవు గుడ్డ కావాలి?"

"ముప్ఫై ఆరు."

"పిచ్చుకమ్మకి?"

"ముప్ఫై రెండు," అంది పిచ్చుక. అంది అనడం కన్నా పెదవులు కదిపింది అనడం మేలు.

"ఇదిగో, ఇది ఉయ్యాల్లో పాపాయి గౌను. దీనికి చే ఐదు. రెండు చేతులకి?"

"ఇరవై ఐదు!" అన్నాడు రైలు, అలవాటు చొప్పున.

అమ్మ ఆ బుల్లి గౌనుని పైకెత్తి పట్టుకుంది. "ఉయ్యాల్లో పిల్లకి అంతంత చేతులా? ఇంకేం నాయనా, ఆ పిల్ల పడుకున్న చోటునుంచే అటక మీది డబ్బా దింపుతుంది."

పిల్లలు పడీపడీ నవ్వారు. రైలు కూడా నవ్వాడు, నవ్వుతూ నవ్వుతూ టక్కున ఆగి, "పది. రెండు ఐదులు. రెండు పక్కన ఐదు కాదు, రెండు ఐదులు," అన్నాడు. గోడకి ఆనుకుని నిలబడిన లెక్కల మేడమ్ గట్టిగా ఊపిరి వదిలింది. మూడు రోజులు తను చార్టులతో కొట్టుకున్నది ఒక జానెడు గౌనుతో అయిపోయింది.

అప్పుడు అమ్మ బల్ల మీంచి ఖాకీ ముక్క తీసింది.

"ఇప్పుడు నాకో సాయం చెయ్యండి. పోస్టుమాన్ కొలతలు రాసుకున్న కాగితం మీద టీ ఒలికిపోయింది. ఏమీ కనపడట్లేదు. కోసిన ముక్క మాత్రం ఉంది. ఇంకో చొక్కా కూడా కుట్టాలి, కాలరుకీ వాటికీ ఛాతీ కొలత కావాలి. ఈ ముక్క వెడల్పు మడత విప్పకుండా కొలవండి."

నలుగురు నాలుగువైపులా పట్టుకుని కొలిచారు. పది అంగుళాలు.

"ఛాని నాలుగు భాగాలు చేసి, ఒకటి కలిపాను, పది వచ్చింది. ఆయన ఛాతీ ఎంత?"

ఎనిమిదిమందీ నోళ్ళు తెరిచారు. రైలు నోట్లోంచి మాట దానంతటదే జారింది. "ఐదు."

"ఐదంగుళాల ఛాతీ ఉన్నవాడు పోస్టుమాన్ ఎలా అవుతాడురా, పోస్టుకార్డు అవుతాడు!"

నవ్వులు అయ్యాక అందరూ ఆ ముక్క వంక చూస్తూ ఉండిపోయారు. ముందుకి లెక్క చెయ్యడం అందరికీ తెలుసు, వెనక్కి ఎలా నడవాలో ఎవరికీ తెలియదు. పిచ్చుక రబ్బరు పట్టుకుని ఇంకా ఏమీ రాయకుండానే చెరపడానికి సిద్ధంగా ఉంది. అమ్మ అది చూసింది. దండెం మీంచి ఒక పాత చొక్కా తీసి, కుట్లు విప్పే చిన్న పనిముట్టుతో సహా పిచ్చుక చేతిలో పెట్టింది.

"బంగారం, ఈ జేబు వంకర కుట్టాను. తీసెయ్యాలి. జేబు కుట్టాక దానిమీద మూత వేసి కుట్టాను, చూశావా? ఇప్పుడు ముందు ఏది విప్పుతావు?"

పిచ్చుక చొక్కాని అటూ ఇటూ తిప్పింది. "మూత."

"ఎందుకూ?"

"చివర కుట్టింది అదే కదండీ. అది విప్పకపోతే లోపలిది అందదు."

"మరి ఈ పదిలో చివర కుట్టింది ఏది?"

పిచ్చుక ఖాకీ ముక్క వంక చూసింది, గోడ మీది అట్ట వంక చూసింది. "ఒకటి. చివర ఒకటి కలిపారు. అది తీసేస్తే తొమ్మిది." ఆగి, మళ్ళీ మొదలుపెట్టింది. ఈసారి గొంతు వినిపించింది. "అంతకుముందు నాలుగు భాగాలు చేశారు. ఇది ఒక భాగం. అలాంటివి నాలుగు కలిపితే ముప్ఫై ఆరు. ముప్ఫై ఆరండీ!"

"అవునో కాదో నాకేం తెలుసు? నేను మర్చిపోయానుగా," అంది అమ్మ. "నా కొట్టులో ఎవరి మాటా నమ్మను. నా మాటే నేను నమ్మను. కుట్టినదాన్ని మనిషికి తొడిగి చూస్తాను. ట్రయల్ వెయ్యకుండా ముప్ఫై ఏళ్ళలో ఒక్క చొక్కా కూడా గుమ్మం దాటించలేదు. ఐదింటికి ఆయన వస్తాడు, చూద్దాం."

ఐదింటికి పోస్టుమాన్ సంచీతో సహా వచ్చాడు. ఎనిమిదిమంది పిల్లలు తన ఛాతీ వంకే కళ్ళార్పకుండా చూడటం ఆయనకి జీవితంలో మొదటిసారి. కొలవబోతున్నారని తెలియగానే అంతమంది ముందు చిన్నబోవడం ఎందుకని ఊపిరి బిగబట్టి ఛాతీ విరుచుకున్నాడు. రైలు టేపు చుట్టి చూశాడు. "ముప్ఫై ఎనిమిది," అన్నాడు నీరసంగా. పిచ్చుక మొహం వాడిపోయింది, చెయ్యి రబ్బరు మీదికి పోయింది.

"గాలి వదలండి సార్," అంది అమ్మ. "ఇది చొక్కా, బెలూన్ కాదు."

పోస్టుమాన్ ఉస్సురని గాలి వదిలాడు. టేపు జారింది. రైలు మళ్ళీ బిగించి చూసి, వీధి చివరిదాకా వినపడేట్టు కేక పెట్టాడు. "ముప్ఫై ఆరు!"

ఆ కేరింతలకి పక్క కొట్టు గడియారాల రిపేరు ఆయన కళ్ళకి భూతద్దంతోనే బయటికి పరుగెత్తుకొచ్చాడు. పిచ్చుక రబ్బరుని జేబులో వేసుకుంది.

నాలుగు సాయంత్రాలు అయ్యేసరికి ముప్ఫై రెండు మందీ ఆ కొట్టు గుమ్మం తొక్కారు. చివరిరోజు పిల్లలు వెళ్ళిపోయాక కూతురు అట్ట మీది లైనుని వేలితో చూపించి, "అమ్మా, ఇదే ఆల్జీబ్రా. నువ్వు ముప్ఫై ఏళ్ళుగా చేస్తున్నది ఇదే," అంది.

అమ్మ దారం తెంపడం ఆపింది. "ఇదా?"

"ఇదే."

"అయితే నా బుర్రకి ఎక్కిందన్నమాట," అని నవ్వబోయింది, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. పైటచెంగుతో కాక మెళ్ళో టేపుతోనే తుడుచుకుంది. కూతురికి గర్వంతో గుండె నిండిపోయింది. అప్పుడు పలక చూసి ఆ మాట అన్న టీచరు ఎవరో గానీ, ఎదురుపడితే నాలుగు మాటలు అడగాలని కూడా అనిపించింది.

క్లాసు రూపు మారిపోయింది. జవాబు రాయగానే "ట్రయల్ వేశావా?" అని పక్కవాడు అడిగేవాడు. వచ్చిన అంకెని మళ్ళీ ఎక్స్ చోట తొడిగి, రెండు వైపులూ సరిపోతే అప్పుడు కింద గీత గీసేవారు. సరిపోకపోతే, "భుజాల దగ్గర పట్టేసింది, విప్పు" అనుకునేవారు. ఎక్స్ ఉన్నా వై ఉన్నా, చివరికి మేడమ్ సరదాకి గొడుగు బొమ్మ వేసినా ఎవరూ జంకలేదు.

ఒక్కటే వచ్చింది తంటా. పిల్లల బుర్రల్లోంచి ఐదు పోవాలని మేడమ్ ఐదుని తెగ తిట్టింది, పిల్లలు ఇంకో రెండాకులు ఎక్కువ తిట్టారు. తెలివితక్కువ పని చేసినవాణ్ణి 'ఐదుగాడు' అనడం మొదలైంది. ఆటల్లో ఐదో నంబరు బనీను ఎవరూ తొడుక్కోలేదు. పరీక్షకి ముందురోజు సాయంత్రం బెల్లు కొట్టాక, సంచీ భుజాన వేసుకుని పరుగెడుతూ రైలు, "మేడమ్, ఐదొస్తే తప్పు చేసినట్టేగా?" అన్నాడు. ఆమె నోరు తెరిచేలోగా వాడు మెట్లు దిగి, బస్సెక్కి, చెయ్యి ఊపేశాడు.

కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు అయింది. పొద్దున్నే, ఐదు కూడా రావచ్చని అందరికీ చెప్పేద్దామని గంట ముందే స్కూలుకి వచ్చింది. పెద్ద మేడమ్ ఆమెకన్నా ముందే వచ్చి, పిల్లలు రాగానే ఒక్కొక్కరినీ గదిలోకి పంపి, తలుపు దగ్గర నిలబడ్డారు. "మీరు వరండాలో ఉండండి," అన్నారు.

వరండాలో కిటికీ ఉంది. లోపలి బోర్డు మీద పది ప్రశ్నలు కనిపిస్తున్నాయి. లెక్కల మేడమ్ ఒక్కొక్కటీ మనసులో చేసుకుంటూ పోయింది. ఏడు, పన్నెండు, తొమ్మిది, రెండు. బాగానే ఉన్నాయి. పదోది చూసింది. 3x − 4 = 11. చేసింది. మళ్ళీ చేసింది. ఐదు.

పిల్లలు ముందు తొమ్మిదీ చకచకా చేసేశారు. పదో ప్రశ్న దగ్గరికి రాగానే గది మొత్తం తడబడింది. రైలు జవాబు రాసి, కొట్టేసి, పైకప్పు వంక చూస్తున్నాడు. ఒకడు వేళ్ళు లెక్కపెట్టుకుని తల అడ్డంగా ఊపుతున్నాడు. పిచ్చుక జేబులోంచి రబ్బరు బయటికి తీసింది. చెరిపింది. రాసింది. మళ్ళీ చెరిపింది. లెక్కల మేడమ్ కిటికీ ఊచలు గట్టిగా పట్టుకుంది. ఒక్క మాట, ఒక్క సైగ చాలు. కానీ పెద్ద మేడమ్ షరతుకి ఒప్పుకుంది. పెదవి కొరుక్కుని నిలబడింది.

అప్పుడు పిచ్చుక లేచి నిలబడింది. ఏడాదిలో ఆ పిల్ల తనంతట తాను లేచి నిలబడటం అదే మొదలు.

"ప్రశ్న తప్పేమోనండీ," అంది పెద్ద మేడమ్‌తో.

"ఎందుకనీ?"

"ఐదొస్తోందండీ."

ముప్ఫై ఒక్క తలలూ పైకి లేచాయి.

"వస్తే ఏమయింది?" అన్నారు పెద్ద మేడమ్.

"ఐదు రాకూడదండీ. ఎప్పుడూ ఐదే రాస్తామని అందరూ నవ్వారు." పిచ్చుక ఆగి, కాగితం వంక చూసుకుంది. "కానీ విప్పి చూశానండీ. చివర నాలుగు తీశారు, అది కలిపేస్తే పదిహేను. మూడు భాగాలు చేస్తే ఐదే. ట్రయల్ కూడా వేశాను. మూడు ఐదులు పదిహేను, నాలుగు తీస్తే పదకొండు. మూడుసార్లు తొడిగి చూశాను. మూడుసార్లూ సరిపోయింది."

"అయితే ఏం చేస్తావు?"

పిచ్చుక ఒక్క క్షణం ఆలోచించింది. తర్వాత రబ్బరు బల్ల మీద పెట్టేసింది. "ఎవరేమనుకున్నా సరేనండీ. సరిపోయాక ఐదే," అని కూర్చుని రాసేసింది.

గదిలో ముప్ఫై ఒక్క పెన్సిళ్ళు ఒక్కసారిగా కదిలిన చప్పుడు వరండాలోకి వినిపించింది. పెద్ద మేడమ్ పిల్లలకి కనపడకుండా మొహం కిటికీ వైపు తిప్పుకున్నారు. కిటికీ ఇవతల ఉన్న మనిషికి ఆవిడ నవ్వు మొత్తం కనిపించింది.

ఆ సాయంత్రం పెద్ద మేడమ్ గదిలో మళ్ళీ ముప్ఫై రెండు పేపర్లు బల్ల మీద పరిచి ఉన్నాయి. వాటి పక్కన వేరే ఒక కాగితం బోర్లించి ఉంది. ఇరవై తొమ్మిదిమంది పాసయ్యారు. మిగిలిన ముగ్గురిదీ కూడికల్లో పొరపాటే. ఆవిడ కళ్ళజోడు తీశారు. లెక్కల మేడమ్ తిట్లకి సిద్ధపడింది.

"ఆ చివరి లెక్క నేను కావాలనే పెట్టాను. చూడండి, పదో ప్రశ్నకి ముప్ఫై రెండు మందీ మళ్ళీ ఎక్స్ అంటే ఐదనే రాశారు. ఒక్కళ్ళు తేడా లేదు. దీన్ని కాపీ అనమంటారా?"

"వద్దండీ," అంది లెక్కల మేడమ్. "పిచ్చుక పైకి అన్నా, ఎవరికి వాళ్ళు తొడిగి చూసుకున్నారు."

పెద్ద మేడమ్ తలాడించి, బోర్లించిన కాగితం తిప్పి, 'ఉంచాలి' అని రాసి, సంతకం చేసి ఆమె చేతికి ఇచ్చారు.